ఎనిమిది రోజుల గడువు

మా సంఘంలోని పిల్లలకు నేను చెప్పే పాఠం ఎప్పుడూ ఒక తేదీతోనే మొదలయ్యేది: 1525 జనవరి 18. బోర్డు మీద అంకెలు పెద్దవిగా రాసి, మార్కరు మూత బిగించి, ఆ రోజున జ్యూరిచ్ నగర సభ చేసిన ఆజ్ఞ ఏమిటో చెప్పేదాన్ని. బాప్తిస్మం పొందని పసిబిడ్డ ఏ ఇంట ఉన్నా ఎనిమిది రోజుల లోపల ఇప్పించాలి. ఇప్పించని కుటుంబం ఊరు విడిచి పోవాలి. సరిగ్గా మూడు రోజులకు, జనవరి 21న, అదే నగరంలో కొందరు ఒక ఇంట్లో కూడి, ఊహ తెలిసిన మనుషులుగా, ఎవరూ చెప్పకుండా, తమ ఇష్టంతో బాప్తిస్మం పొందారు. మరుసటి సంవత్సరం మార్చి 7న, అలా మళ్ళీ బాప్తిస్మం ఇచ్చేవారిని నీట ముంచి చంపాలని సభ తీర్మానించింది. 1527 జనవరి 5న మొదటి మనిషిని చేతులు కట్టి నదిలో ముంచారు. 1529 ఏప్రిల్ నాటికి ఆ శిక్ష సామ్రాజ్యమంతటా చట్టమయింది. మళ్ళీ బాప్తిస్మం తీసుకునేవాళ్ళని ఎగతాళిగా శత్రువులు పెట్టిన పేరే అనబాప్టిస్టులు.

ఆ తరువాత చనిపోయినవాళ్ళు ఎందరంటే ఖచ్చితమైన లెక్క లేదు. వేలల్లో అని చరిత్రకారులు అంటారు. "వేలల్లో" అనే మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. అందుకే దాన్ని పాఠంలో చివరికి నెట్టి, తొందరగా దాటేసేదాన్ని.

ఐరోపాలో మంటల పాలైన ఆ మనుషులతో పాలమూరు జిల్లా వాళ్ళకేమి సంబంధమని ఇక్కడ, అమెరికాలో, చాలామంది అడిగారు. ఆ వంశంలోని మెన్నోనైటు మిషనరీలు మా జిల్లాకు వచ్చారు. మా అమ్మమ్మ కాలంలోనే మా ఇల్లు ఆ సంఘంలో చేరింది. మా సంఘంలో పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. బిడ్డ పెరిగి, తనంతట తాను అడిగి, సంఘం ఎదుట సాక్ష్యం చెప్పాలి. అప్పుడు ఇచ్చేవారు నీళ్ళలో నిలబెట్టి, "ఎవరి బలవంతమూ లేకుండా నీ సొంత ఇష్టంతో వచ్చావా?" అని అడుగుతారు. ఔనంటేనే ముంచుతారు. ఆ ప్రశ్న కోసమే వాళ్ళంతా చచ్చిపోయారని పిల్లలకు చెప్పేదాన్ని. చెప్పడమే నాకు తెలుసునని ఇప్పుడు అనిపిస్తోంది.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక మిషన్ ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేశాను. మనిషి ముఖం పాలిపోయి కనిపించినంత మాత్రాన రక్తహీనత అని ఒక్కనాడూ అనలేదు. హిమోగ్లోబిన్ ఎంతో తేలాలి, ఆ తరువాతే మాట. ఉద్యోగం ముగిశాక, నా భర్త పోయిన తరువాత, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. ఇక్కడ మా తెలుగు సంఘం ఒక అమెరికన్ చర్చి వెనుక హాలును ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటుంది. వచ్చిన రెండో నెలలోనే పిల్లల క్లాసు నాకు అప్పగించారు. వేరే ఎవరికీ వారాంతంలో తీరిక లేదన్నది అసలు కారణమని నాకు తెలుసు.

పిల్లలు అమెరికాలో పుట్టినవాళ్ళు. మొహమాటం తెలియదు.

"గ్రానీ, ఇది సండే స్కూలా, హిస్టరీ క్లాసా?" అని ఒకడు అడిగేవాడు.

"రెండూ."

"టెస్ట్ ఉంటుందా?"

"ఉంటుంది. నువ్వు చచ్చిపోయాక."

వాళ్ళు నవ్వేవాళ్ళు. ఒకసారి చిన్నపిల్ల ఒకతి, "ఆ కౌన్సిల్ వాళ్ళు బ్యాడ్ గైసా?" అని అడిగింది. క్షణం ఆలోచించకుండా ఔనన్నాను.

వెనుక వరుసలో మా మనవరాలు కూర్చునేది. మా అమ్మాయికి ఒక్కతే కూతురు, అప్పటికి పదిహేనేళ్ళు. క్లాసులో నా తేదీలన్నీ గుర్తుపెట్టుకున్నది ఆమె ఒక్కతే. నేను మరిచిపోయినట్టు నటిస్తే వెనుక నుంచి మెల్లగా అందించేది. దానికి నేను ఎంత గర్వపడేదాన్నో చెప్పలేను.

2025తో ఆ మొదటి బాప్తిస్మానికి ఐదు వందల ఏళ్ళు నిండాయి. ఇటువంటి నిండు సంఖ్య మనిషి జీవితంలో ఒక్కసారే వస్తుంది. ఆ ఏడాది మే నెలలో మా అన్న ఇక్కడికి వచ్చాడు. ఆయన పాస్టరుగా పనిచేసి విరమించినవాడు. మా అమ్మాయికి బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. జూన్ 17న తిరుగు ప్రయాణం. మళ్ళీ వస్తాడో రాడో, వయసు ఎనభై దాటింది. మా అమ్మమ్మ, మా అమ్మ, నేను, మా అమ్మాయి: నాలుగు తరాలు. ఐదో తరం మా మనవరాలు. ఐదు తరాలు, ఐదు వందల ఏళ్ళు, అన్న చేతి మీదుగా. ఈ అంకెలు ఒకదానిలో ఒకటి అంత చక్కగా ఇమిడిపోవడం చూసి, అదే దేవుని చిత్తమనుకున్నాను. మిగతావాళ్ళు కలలు కని దేవుని చిత్తమంటే నవ్విన మనిషిని నేను.

జూన్ 7, శనివారం. రాత్రి భోజనానికి అన్న కోసం జొన్నరొట్టెలు చేశాను. బల్ల చుట్టూ ఐదుగురం ఉన్నాము. రొట్టె తుంచుతూ నేనే మాట ఎత్తాను.

"వచ్చే ఆదివారం ఖమ్మం అబ్బాయికి బాప్తిస్మం ఉంది కదా, స్విమ్మింగ్ పూల్ ఉన్న వరంగల్ వాళ్ళింట్లో. మన అమ్మాయికి కూడా అప్పుడే అనుకుంటే బాగుంటుంది."

మా మనవరాలు ప్లేటు వైపే చూస్తూ, "నాట్ యెట్ అమ్మమ్మా," అంది. "నేను రెడీ కాదు ఇంకా."

"ఎప్పటికి అవుతావు?"

"తెలీదు."

"సుమారుగా చెప్పు. ఏడాదా, రెండేళ్ళా?"

"అమ్మమ్మా, అది అలా తెలీదు. ఇట్స్ నాట్ లైక్ ఎ డెంటిస్ట్ అపాయింట్‌మెంట్."

మా అల్లుడు గుంటూరు వాడు. వాళ్ళది లూథరన్ సంఘం, పసిబిడ్డలకే బాప్తిస్మం ఇస్తారు. ఆయన కూర వడ్డించుకుంటూ అన్నాడు:

"మా గుంటూరులో ఈ తలనొప్పే లేదు అత్తయ్యా. నెలబిడ్డప్పుడే అయిపోతుంది. పిల్ల ఏడుస్తుంది, పెద్దవాళ్ళు భోంచేస్తారు."

"నువ్వు ఊరుకో," అని మా అమ్మాయి ఆయన్ని మోచేత్తో పొడిచింది.

మనవరాలు అంత సేపు వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతోంది. తల ఎత్తింది.

"టుడే శాటర్డే. నెక్స్ట్ సండే అంటే ఎయిట్ డేస్. కౌన్సిల్ ఇచ్చింది కూడా ఎయిట్ డేసే కదా?"

ఆ పిల్ల నన్ను ఏమన్నదో ఆ బల్ల దగ్గర అందరికీ తెలిసింది. అన్న తలవంచుకుని మజ్జిగ తాగాడు. మా అమ్మాయి ముఖం ఎర్రబడింది. నాకు మాత్రం సంతోషం కలిగింది.

"సరిగ్గా ఎనిమిది," అన్నాను. "1525 జనవరి 18. చూశావా అన్నా, తేదీలు ఎంత బాగా గుర్తున్నాయో పిల్లకు."

ఈ వాక్యాన్ని రాయడానికి చాలా ఆలస్యం చేశాను. ఒక పిల్ల తన మెడ మీది కత్తిని చూపిస్తే, నేను ఆ కత్తి పొడవు సరిగ్గా చెప్పినందుకు మెచ్చుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం ఆమె గదికి వెళ్ళాను. సెలవులు. మంచం మీద కూర్చుని ఏదో బొమ్మ గీస్తోంది. నేను అరవలేదు, బతిమాలలేదు. నాకు ఆ రెండూ రావు. 1573 అక్టోబర్ 6న ఆంట్‌వెర్ప్ నగరంలో జరిగినది చెప్పాను. క్లాసులో ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు, చిన్నపిల్లలు ఉంటారని. ఒక తల్లిని తగలబెట్టారు. చివరి క్షణాన జనంతో మాట్లాడకూడదని ఆమె నాలుకకు స్క్రూ లాంటి ఇనుప మర బిగించారు. ఆమె పెద్దకొడుకు మూడేళ్ళ తమ్ముణ్ణి చంకనెత్తుకుని, ఒక బల్ల ఎక్కి తల్లిని చూద్దామని నిలుచున్నాడు. ఆమెను కట్టేయడం చూసి స్పృహ తప్పి పడిపోయాడు. జనమంతా వెళ్ళిపోయాక బూడిదలో వెతికి, ఆ మరను తీసి దాచుకున్నాడు.

"ఆ పిల్లవాడికి పదిహేనేళ్ళు," అన్నాను. "నీ వయసే."

మనవరాలి పెన్సిలు ఆగిపోయింది. తరువాత, "ఓకే," అంది.

"ఓకే అంటే?"

"ఓకే అమ్మమ్మా. సండే."

ఫలితం తేలింది కాబట్టి నేను లేచి వచ్చేశాను. ప్రయోగశాలలో రీడింగు ఒక్కసారి అసాధారణంగా వస్తే రెండోసారి పరీక్ష చేయకుండా ఎన్నడూ సంతకం పెట్టలేదు. శనివారం కాదన్న పిల్ల సోమవారం ఔనంటే, ఆ ఔను ఎక్కడిదని నాకు అనుమానం రాలేదు. ఆ వారమంతా ఆమె నాతో వాదించలేదు. నా మందుల డబ్బా నింపుతూ ఎప్పటిలా వేళాకోళం చేయలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది. పెద్దరికం వచ్చిందని మా అమ్మాయితో అన్నాను. మా అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, ఉతికిన బట్టలు మడతపెట్టుకుంది.

గురువారం సాయంత్రం పాస్టరుగారు వచ్చారు. వారం రోజులూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి ఆదివారం ప్రసంగం చెప్పే మనిషి, నలభై ఏళ్ళుంటాయి. బాప్తిస్మానికి ముందు అభ్యర్థితో ఒంటరిగా మాట్లాడటం మా సంఘంలో పద్ధతి. మా అన్నకాలం నుంచీ అంతే. అమ్మా నాన్నా కూడా పక్కన ఉండరు. మా అమ్మాయి, అల్లుడు పెరట్లోకి వెళ్ళారు. నేను టీ ఇచ్చే నెపంతో వచ్చి, కప్పు బల్ల మీద పెట్టి, అక్కడే కూర్చున్నాను.

"వందనాలు అమ్మగారూ," అన్నారు పాస్టరుగారు. వెళ్ళమని చెప్పడానికి ఆయనకు మొహమాటం. మనవరాలి వైపు తిరిగారు. "చెప్పమ్మా. ఈ డెసిషన్ నీదేనా? యువర్ ఓన్?"

ఆమె నా వైపు చూసింది.

"దానిదే అండి," అన్నాను నేను. "సోమవారం మధ్యాహ్నం చెప్పింది. జూన్ 9."

ఆయన తల ఊపి, టీ తాగి, ఆదివారం తెల్లటి దుస్తులు తెచ్చుకోమని చెప్పి వెళ్ళిపోయారు. ఆ పిల్ల నోరు తెరవలేదన్న సంగతి ఆయన గమనించారో లేదో నాకు తెలియదు. నేను గమనించాను. నేనే చెప్పాను కాబట్టి పని అయిపోయిందనుకున్నాను.

జూన్ 15 మధ్యాహ్నం వరంగల్ వాళ్ళ పెరట్లో అందరం చేరాము. ఫ్రిస్కోలో ఆ నెల ఎండ గచ్చు మీద చెప్పులు లేకుండా నిలబడనివ్వదు. పూల్‌లో పిల్లలు ఆడుకునే గులాబీరంగు కొంగబొమ్మను ఆరోజుకు తీసి కంచెకు కట్టారు. వంటింటి గట్టు మీద అల్యూమినియం ట్రేల నిండా బిర్యానీ. మడత కుర్చీలు చాలక కొందరు గడ్డి మీద దుప్పట్లు పరుచుకున్నారు. పూల్ గోడకున్న మీటరులో నీటి వేడిమి ఎనభై నాలుగు ఫారెన్‌హీట్ డిగ్రీలు. వచ్చీ రాగానే నేను చూసుకున్నది అదే.

మా అన్న ప్యాంటు పైకి మడిచి, తెల్ల చొక్కాతో మెట్లు దిగి, నడుము లోతు నీళ్ళలో పక్క కమ్మీ పట్టుకుని నిలుచున్నాడు. ముందు ఖమ్మం అబ్బాయి. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. తన సాక్ష్యం చెబుతూ రెండుసార్లు ఏడ్చాడు. ప్రశ్న అడిగితే పెరడంతా వినిపించేలా ఔనన్నాడు. ముంచి లేపితే అందరూ చప్పట్లు కొట్టారు.

తరువాత మా మనవరాలు దిగింది. తెల్ల కుర్తా నీటి మీద తేలి, ఆమె రెండు చేతులతో దాన్ని కిందికి నొక్కుకుంది. అన్న ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన ఎక్కడికి వెళ్ళినా పాలమూరు మాటే మాట్లాడతాడు.

"బిడ్డా, ఎవ్వరి బలవంతం లేకుండ, నీ సొంత ఇష్టంతోని వచ్చినవా?"

ఎవరిదో పసిపిల్ల గిలక్కాయ చప్పుడు వినిపించింది. అన్న తొందరపెట్టలేదు.

"లేదు తాతా," అంది.

అరవలేదు. ఏడవలేదు. క్లాసులో తేదీ అందించే గొంతుతోనే అంది. కుర్చీల్లో ఎవరో అయ్యో అన్నారు. మా అమ్మాయి టవలు పట్టుకుని పూల్ అంచుకు వచ్చింది.

అప్పుడు నేను లేచాను. లేవకుండా ఉంటే ఈ పుటలు రాయవలసిన పని ఉండేది కాదేమో. ఆ పిల్ల లేదన్నది, అంతటితో ఆగి ఉంటే అది నా ఓటమి మాత్రమే అయ్యేది. ఓడిపోవడంలో ఇంత సిగ్గు లేదు.

"భయపడింది అన్నా," అన్నాను, అంతమంది ఎదుట. "ఇంకొక్కసారి అడుగు."

అన్న నా వైపు తిరగలేదు.

"అడిగిన చెల్లె," అన్నాడు. "చెప్పింది."

ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల దాకా నడిపించుకొచ్చాడు. "పిల్ల తడిసింది, టవల్ కప్పుండ్రి," అని, తాను నీళ్ళలోనే నిలబడి కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశాడు. ఔనన్న నోటి కోసం, నిజం చెప్పిన నోటి కోసం, రెంటి కోసమూ స్తోత్రం చెప్పాడు. ఆమేన్ అని అందరూ అన్నారు.

ఆనాడు జైళ్ళలో ఉన్న అనబాప్టిస్టులను విచారించినవాళ్ళు ఒక్కసారి అడిగి ఊరుకోలేదు. మళ్ళీ మళ్ళీ అడిగారు. కొందరికి గడువు ఇచ్చారు, బంధువులను పంపి నచ్చచెప్పించారు. చాలామంది విచారణాధికారులు క్రూరులు కారు, నిజంగానే వాళ్ళు మనసు మార్చుకుంటే బాగుండునని కోరుకున్నారు. ఇదంతా నేను పిల్లలకు చెప్పిన పాఠమే.

"ప్లేట్లు తీసుకోండి, బిర్యానీ చల్లారిపోద్ది," అని ఇంటి ఇల్లాలు అందరినీ కదిలించింది. ఆమె నా దగ్గరికి వచ్చి, "పోనీలెండక్కా, నెక్స్ట్ సమ్మర్ చూద్దాం. పూల్ ఎక్కడికీ పోదు," అంది. మంచి మనసుతోనే అంది. మా అల్లుడు నాకు పెరుగుపచ్చడి వడ్డిస్తూ, నన్ను తేలికపరచడానికే కాబోలు, "మా గుంటూరు పద్ధతే నయం అత్తయ్యా. నెలబిడ్డ ఎవడూ నో అనలేదు ఇంతవరకు," అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. జ్యూరిచ్ నగర సభకు కూడా అదే నచ్చింది. నెలబిడ్డ కాదనలేదు. నా చేతిలోని ప్లేటు అలాగే ఉండిపోయింది.

అల్లుడు, అన్న ఖమ్మం అబ్బాయి కారులో వస్తామన్నారు. తిరుగుదారిలో మా అమ్మాయి డ్రైవ్ చేసింది. మనవరాలు వెనుక సీట్లో చెవులకు పాటలు పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది.

"మళ్ళా అడుగుమని ఎందుకన్నవమ్మా?" అంది మా అమ్మాయి. కోపం వచ్చినప్పుడు ఆమెకు చిన్ననాటి మాట వస్తుంది.

"భయపడిందనుకున్నాను."

"భయపడితే ఔనంటుండె."



మరునాడు అన్న సామాను సర్దుకున్నాడు. పెట్టెను తూకం మీద పెట్టి, అంకె చదవడం నా పని. ఇరవై రెండున్నర కిలోలు. పరిమితిలోనే ఉందన్నాను. ఆయన మంచం మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ నన్నే చూశాడు.

"నీ బాప్తిస్మం నాడు నేను గట్టు మీద ఉన్న. నీకు యాదికున్నదా?"

"1964, సెప్టెంబర్ నెల. దుందుభి వాగు. ఆ రోజు పదకొండుమందిమి," అన్నాను.

"అది గాదు అడిగేది. నిన్ను ప్రశ్న అడిగిండ్రు గదా. ఏమన్నవ్?"

నాకు వాగు గుర్తుంది. ముందు నిలబడ్డ అమ్మాయి జడ గుర్తుంది. నా తరువాత ఇంకా ఎంతమంది ఉన్నారో గుర్తుంది. నేను ఏమన్నానో ఎంత తవ్వినా దొరకలేదు. తల ఊపానేమో. పక్కవాళ్ళంతా ఊపారు కాబట్టి ఊపి ఉంటాను.

"తెలియదు అన్నా."

"నాకు గూడ తెల్వది," అన్నాడు. "వాగు సప్పుడు జోరుండె." నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు.

ఆయన మంగళవారం వెళ్ళిపోయాడు. బుధవారం ఉదయం మనవరాలు వంటింట్లో నిలబడి పాలలో సీరియల్ వేసుకుని తింటోంది. ఏమి చెప్పాలో ముందే వరుసగా పెట్టుకుని వెళ్ళాను.

"నేను తప్పు చేశాను," అన్నాను.

"విచ్ పార్ట్?"

ఎగతాళి కాదు. నిజంగా అడిగింది. నా పద్ధతిలోనే అడిగింది.

"మళ్ళీ అడుగమన్నది."

"దట్స్ ఇట్?"

"పాస్టరుగారికి నేను జవాబు చెప్పింది. నిన్ను ఆంట్‌వెర్ప్ పిల్లవాడితో పోల్చింది."

ఆమె చెంచా గిన్నెలో పెట్టింది. "ఆ స్క్రూ నాకు డ్రీమ్‌లో వచ్చింది అమ్మమ్మా. ట్వైస్. నేనే బూడిదలో వెతుకుతున్నాను. అమ్మ కోసం."

నేను సింకు అంచు పట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళు సూదులు గుచ్చిన చెయ్యి, ఎవరికీ అవసరానికి మించి నొప్పి పెట్టలేదని పేరు తెచ్చుకున్న చెయ్యి.

"ఆ కథ క్లాసులో ఎవరికీ చెప్పను," అన్నాను.

"చెప్పు. ఇట్స్ ట్రూ కదా. బట్ నన్ను అందులో పెట్టకు." కొంచెం ఆగి, "మళ్ళీ అడుగుతావా నన్ను?" అంది.

"అడగను."

"నెక్స్ట్ ఇయర్?"

"అడగను. నువ్వే చెప్పాలి. చెప్పకపోయినా సరే."

"డేట్ లేకుండా ఉండగలవా నువ్వు?" అంటూ గిన్నె కడిగి బోర్లించింది. ఆ మాటలో కొంచెం నవ్వు ఉంది. ఆ వారంలో నాకు దక్కిన మొదటి వేళాకోళం అది. దానికి నేను అర్హురాలిని కానని తెలిసీ తీసుకున్నాను.

పాస్టరుగారికి ఫోన్ చేసి, గురువారం నేను చేసింది చెప్పి, పిల్లల క్లాసు వేరేవాళ్ళకు అప్పగించమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఎవరున్నారు అమ్మగారూ? అందరికీ డెడ్‌లైన్సే," అన్నారు. తాను కూడా ఆ రోజు నన్ను లేపి పంపవలసిందని, మొహమాటపడ్డానని చెప్పారు. మొహమాటం ఆయనది, తప్పు నాది అనుకుని ఊరుకున్నాను.

ఐదు వందల ఏళ్ళ సంవత్సరం గడిచిపోయింది. మనవరాలికి పదహారు వచ్చాయి. బాప్తిస్మం కాలేదు. ఇప్పుడు ఆదివారం కారు ఆమే నడుపుతుంది, నేను పక్కన కూర్చుంటాను. క్లాసులో వెనుక వరుసలోనే కూర్చుంటుంది, కొన్ని వారాలు రాదు కూడా. రాకపోతే ఎందుకు రాలేదని నేను అడగను. పరిచయస్తులు "మనవరాలిది ఎప్పుడండీ?" అంటే తెలియదంటాను. ఉద్యోగంలో ఉండగా ఆ మాట అనవలసి వస్తే దానికొక కారణం జతచేసేదాన్ని, నమూనా పాడయిందనో, మళ్ళీ తీయాలనో. ఇక్కడ జతచేయడానికి ఏమీ లేదు.

జనవరిలో ఆ పాఠం మళ్ళీ వచ్చింది. తేదీ రాశాను. ఎనిమిది రోజుల సంగతి చెప్పాను. కొత్తగా చేరిన పిల్లవాడు చెయ్యి ఎత్తి, "గ్రానీ, దే వర్ ద బ్యాడ్ గైస్, రైట్?" అన్నాడు.

నేను మార్కరు మూత బిగించాను. వాళ్ళ పిల్లల ఆత్మలు నశించిపోతాయని వాళ్ళకు నిజంగా భయం ఉండేదని చెప్పాను. వాళ్ళు పిల్లల మేలే కోరుకున్నారని, మేలు కోరుతున్నామన్న నమ్మకంతోనే అడగడం మానేశారని చెప్పాను. పిల్లవాడికి అది జవాబుగా అనిపించలేదు. "సో, బ్యాడ్?" అన్నాడు. వెనుక వరుసలో మనవరాలు తల ఎత్తి నా వైపు చూసింది. ఔనన్నాను.

ఆ రోజు ఇంటికి వస్తుంటే, సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు, నాకు తెలియకుండానే నా మనసు ఒక లెక్క మొదలుపెట్టింది. అన్న ఆరోగ్యం బాగుంటే వచ్చే వేసవిలో మళ్ళీ రావచ్చు. అప్పటికి ఈ పిల్లకు పదిహేడో ఏడు నడుస్తుంటుంది. మే నెలలో వస్తే ఆరు ఆదివారాలు దొరుకుతాయి. లెక్క అక్కడిదాకా వచ్చాక నేను దాన్ని గుర్తుపట్టాను. పచ్చదీపం పడింది. నా ముఖం వేడెక్కడం ఆమెకు కనబడకూడదని కిటికీ వైపు తిరిగాను.

"వాట్ హ్యాపెండ్ అమ్మమ్మా?" అంది, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా.

"ఏమీ లేదు," అన్నాను. వెంటనే, అదీ నిజం కాదు కాబట్టి, "లెక్కపెడుతున్నాను. మానేశాను," అన్నాను.

ఆమె ఏమి లెక్క అని అడగలేదు. అడగకపోవడం ఆమెకు తెలుసు.